పేషీ నుంచి విశ్వవిద్యాలయం దాకా

తెలుగునాట ప్రభుత్వ కచేరీలలో నలిగే మాటలు ఎన్నో మన ఉర్దూ ఇళ్ల నుంచి వెళ్లినవే. అర్జీ, మంజూరు, జారీ, ముసాయిదా, ఖరారు, బర్తరఫు. వీటిని పలికే గుమాస్తాకు అవి పరాయి మాటలన్న ఆలోచనే రాదు. అంతగా తెలుగైపోయాయి. వీటిలోని రెండు మాటలను ఈ వారం మేము పాఠకుల ముందుకు తెస్తున్నాము.

ఒకటి పేషీ. పేష్ అంటే ఎదుట. న్యాయాధికారి ఎదుట హాజరు కావటాన్ని ఉర్దూలో పేషీ అంటారు. మన రాష్ట్రంలో ఆ పేరు మంత్రిగారి కార్యాలయానికి స్థిరపడింది. రెండోది సిఫార్సు. దీనికి వివరణ అక్కరలేదు. విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, బందరులోనైనా, దివిసీమ చివరి పల్లెలోనైనా ఈ మాట తెలియని గడప లేదు.

ఈ రెండు మాటలూ కలిసిన చోట మన పిల్లలు చదివే విశ్వవిద్యాలయానికి ఏమవుతుంది? అది మంత్రులకూ ఆచార్యులకూ మధ్య వ్యవహారం, మనకెందుకని చాలామంది అనుకుంటారు. కాదు. బిడ్డను డిగ్రీలో చేర్పించి, ఫలితాల కోసం, పట్టా కోసం ఎదురుచూసే ప్రతి తల్లికీ తండ్రికీ సంబంధించిన విషయమిది.

రెండు రకాల కొలువులు

మంత్రిగారి పేషీలో ప్రైవేటు కార్యదర్శి ఉంటారు. సహాయకులు ఉంటారు. ప్రత్యేక విధుల అధికారి పేరిట ఒకరిద్దరుంటారు. కొందరు వేరే శాఖల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు, కొందరు మంత్రిగారికి చిరకాలంగా నమ్మకస్తులైనవారు. మంత్రి పదవి పోయిన రోజున పేషీ చెదిరిపోతుంది. ఇందులో తప్పేమీ లేదు. ప్రజలు ఎన్నుకున్న మంత్రి తన పని నడుపుకోవటానికి తన మనుషులను పెట్టుకోవటం న్యాయమే. ఆ కొలువుకు విధేయతే ప్రధానమైన అర్హత.

విశ్వవిద్యాలయంలో ఉపకులపతి కొలువు అలాంటిది కాదు. పాలకమండలి సభ్యత్వమూ అలాంటిది కాదు. ప్రశ్నపత్రం ఎవరు తయారు చేయాలి, ఏ కళాశాలకు అనుబంధం ఇవ్వాలి, ఏ అధ్యాపకుణ్ణి తీసుకోవాలి, ఏ పరిశోధనకు డాక్టరేటు ఇవ్వాలి అని తేల్చే చోటు అది. అక్కడ కూర్చున్న మనిషి ఒక్కోసారి ప్రభుత్వానికి కాదని చెప్పవలసి వస్తుంది. తనను కూర్చోబెట్టినవారికే కాదని చెప్పవలసి వస్తుంది. పేషీకి తగిన కొలమానంతో ఈ కుర్చీని నింపితే కాదనే నోరు మూతబడుతుంది. మేము చెప్పదలచిన మాటంతా ఇదే.

మన డెల్టావారికి ఇది సులభంగా తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ ఎంత గొప్ప కట్టడమైనా, శివారు చేనుకు నీరు అందటం అందకపోవటం దారిలో ఉన్న తూముల మీద ఆధారపడి ఉంటుంది. తూము దగ్గర లస్కరు ఉంటాడు. అతడు వరుస ప్రకారం తలుపు ఎత్తితే నాగాయలంక రైతు నాట్లు వేసుకుంటాడు. ఎగువన ఉన్న పెద్దమనిషి కనుసన్నలో ఎత్తితే శివారు ఎండిపోతుంది. బ్యారేజీలో నీటిమట్టం ఎంత ఉన్నా శివారు రైతుకు ఒరిగేదేమీ లేదు. విశ్వవిద్యాలయం పేరు, దాని భవనాల ఎత్తు కూడా అంతే. తూము దగ్గర ఎవరున్నారు, ఎవరి మాట వింటున్నారు అన్నదే లెక్కకు వస్తుంది.

బెజవాడలో పుట్టిన విశ్వవిద్యాలయం

ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖదని అందరికీ తెలుసు. అది మొదట మన బెజవాడలో పుట్టిందని నేటి పిల్లల్లో చాలామందికి తెలియదు. 1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో అది బెజవాడ కేంద్రంగా మొదలైంది. 1930లో వాల్తేరుకు తరలింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి.

1930లో ఉప్పు సత్యాగ్రహం జరుగుతున్నది. సత్యాగ్రహుల మీద బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డి ఆ పదవికి రాజీనామా చేశారు. విశ్వవిద్యాలయం పుట్టి నాలుగేళ్లే అయింది. ఆ రోజుల్లో పరాయి ప్రభుత్వానికి ఎదురు చెప్పటం తేలిక పని కాదు. అయినా ఆయన పదవిని వదులుకున్నారు, మాటను వదులుకోలేదు. ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ చట్టం ప్రకారం ఉపకులపతిని విశ్వవిద్యాలయ సెనేట్ ఎన్నుకునేది. 1931లో ఆ సెనేటే సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను ఎన్నుకున్నది. 1936లో రామలింగారెడ్డిని మళ్లీ ఎన్నుకున్నది. ప్రభుత్వాన్ని ధిక్కరించి వెళ్లిన మనిషి ప్రభుత్వ దయ లేకుండానే తిరిగి రాగలిగారు. 1949 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

రాధాకృష్ణన్ కాలంలో అధ్యాపకులుగా వచ్చినవారిని చూడండి. బెంగాలు నుంచి హుమాయూన్ కబీర్ తత్వశాస్త్రం బోధించటానికి వాల్తేరు వచ్చారు. తరువాతి కాలంలో ఆయన మౌలానా ఆజాద్ సహచరుడై, కేంద్రమంత్రి అయ్యారు. హీరేన్ ముఖర్జీ వచ్చారు. తరువాతి కాలంలో ఆయన పార్లమెంటులో కమ్యూనిస్టు పక్షాన పేరుపొందిన వక్త అయ్యారు. ఒకే కొలువులో ఇలాంటి భిన్నమైన మనుషులు చేరారంటే ఎంపిక చేసినవారు చూసింది విద్వత్తును అని అర్థమవుతుంది. ఏ పేషీ అయినా తనంతట తాను ఇలాంటి జాబితా తయారు చేస్తుందా? చేయదు. పేషీ చూసేది ఈయన రేపు మన మాట వింటాడా అన్నదే.

ఒక్క మనిషి కోసం ఒక చట్టం

మన రాష్ట్ర చరిత్రలో ఈ విషయమై జరిగిన అతి పెద్ద పోరాటం హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైన ఆ విద్యాలయం మీద మన పాఠకులకు ప్రత్యేకమైన మమకారం ఉండటం సహజం. అయితే ఇప్పుడు చెప్పబోయేది స్వాతంత్ర్యం తరువాతి కథ.

డి.ఎస్. రెడ్డి 1957 నుంచి అక్కడ ఉపకులపతి. 1964లో ఆయనను మరో ఐదేళ్లకు నియమించారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం 1965, 66 సంవత్సరాలలో విశ్వవిద్యాలయాల మీద తన అదుపు పెంచే చట్టసవరణలకు పూనుకున్నది. స్వయంప్రతిపత్తి పోతుందని ఉపకులపతి అభ్యంతరం చెప్పారు. అధ్యాపకులు, విద్యార్థులు ఆందోళన చేశారు. 1966లో చట్టం సవరించి ఉపకులపతి పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. ఉపకులపతిని తొలగించాలంటే న్యాయమూర్తి స్థాయి వ్యక్తి చేత విచారణ జరిపించాలని కూడా అందులో రాశారు. ఇది మంచి నియమమే. కాని అదే ఏడాది మరో సవరణ తెచ్చి 13-ఎ అనే సెక్షన్ చేర్చారు. అప్పటికి పదవిలో ఉన్న ఉపకులపతి, కొత్తవారిని నియమించే వరకు మాత్రమే కొనసాగుతారని, ఆ నియామకం 90 రోజుల్లో జరగాలని దాని సారాంశం.

అప్పటికి పదవిలో ఉన్న ఉపకులపతి ఒక్కరే. అంటే రేపు రాబోయే ఉపకులపతులందరికీ విచారణ రక్షణ ఉన్నది, ఈ ఒక్కరికి లేదు. ఒక మనిషిని పంపించటానికి శాసనసభ ఒక చట్టం చేసింది.

రెడ్డిగారు కోర్టుకు వెళ్లారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. ఒకే పదవిలో ఉన్నవారికి రెండు రకాల న్యాయం పనికిరాదని, అది రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. డి.ఎస్. రెడ్డి 1969 దాకా పదవిలో కొనసాగారు.

ఈ కథలో ఒక మనిషి గెలుపు కంటే ఒక సూత్రం గెలుపు ముఖ్యం. కుర్చీలోకి ఎలా వచ్చారన్నది ఎంత అవసరమో, కుర్చీలోంచి ఎలా పంపుతారన్నది అంతకంటే ఎక్కువ అవసరం. రేపు ఉదయం ఫోను వస్తే ఖాళీ చేయవలసిన కుర్చీలో ఎంతటి పండితుణ్ణి కూర్చోబెట్టినా అతడి చెవి ఆ ఫోను వైపే ఉంటుంది.

ఎన్నిక పోయి నామినేషన్ వచ్చింది

1991లో ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. అంతకుముందు విశ్వవిద్యాలయాలకు సెనేట్, సిండికేట్ ఉండేవి. వాటిలోకి ఎన్నికై వచ్చేవారు ఉండేవారు. ఆ ఎన్నికల్లో ముఠాలు, కులాల లెక్కలు, బేరసారాలు ఉండేవన్నది నిజమే. ఆ రోగానికి మందుగా ఎన్నికనే తీసివేశారు. వాటి స్థానంలో పాలకమండలి వచ్చింది. అందులో కొందరు హోదా రీత్యా వచ్చే ప్రభుత్వ అధికారులు. మిగిలినవారు ప్రభుత్వం నామినేట్ చేసేవారు. ఆచార్యులకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు, సంఘంలో పెద్దలకు అందులో చోటు ఉన్నది. కాని ఆ ఆచార్యుడు ఎవరు, ఆ పెద్దమనిషి ఎవరు అన్నది సచివాలయంలో తేలుతుంది.

ఉపకులపతి ఎంపికకు ముగ్గురు సభ్యుల కమిటీ ఉంటుంది. విశ్వవిద్యాలయ పాలకమండలి తరఫున ఒకరు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం తరఫున ఒకరు, రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఒకరు. వారు మూడు పేర్లు సూచించాలి. చూడటానికి ఇది సమతూకంగానే ఉన్నది. అయితే పాలకమండలినే ప్రభుత్వం నామినేట్ చేసినప్పుడు, దాని ప్రతినిధి ఎవరి ప్రతినిధి? ముగ్గురిలో ఇద్దరి వెనుక ఒకే గుమ్మం కనబడుతున్నది.

ఇక్కడే పేషీ పని మొదలవుతుంది. పాలకమండలిలోకి ఎవరు రావాలన్న జాబితా, కమిటీలో ఎవరుండాలన్న సూచన, మూడు పేర్లలో ఏది పైన ఉంటే బాగుంటుందన్న గుసగుస, ఇవన్నీ ఫైలు మీద సంతకం పడకముందే జరిగే పనులు. ఏ చట్టంలోనూ పేషీ పేరు ఉండదు. ఏ ఉత్తర్వు కిందా దాని సంతకం ఉండదు. అందువల్ల ఎవరూ దాన్ని జవాబు అడగలేరు.

విజయవాడ నడిబొడ్డున

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మన విజయవాడలోనే ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉన్నది. 1986 నవంబరు 1న మొదలైంది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చింది. రాష్ట్రంలోని వైద్య, దంతవైద్య, నర్సింగు కళాశాలలను ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. దేశంలో ఇలాంటి ప్రయత్నాలలో ఇది తొలినాటిది. 1998లో దానికి రామారావు పేరు పెట్టారు. 2022 సెప్టెంబరులో శాసనసభ చట్టం సవరించి ఆ పేరు తీసి వై.ఎస్. రాజశేఖరరెడ్డి పేరు పెట్టింది. 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ చట్టం సవరించి పాత పేరు తెచ్చారు.

ఇద్దరూ ప్రజాభిమానం పొందిన నాయకులే. ఎవరి పేరు గొప్పది అన్న చర్చలోకి మేము పోము. 2020లో, 21లో చేరిన ఒక వైద్య విద్యార్థి వైపు నుంచి చూడండి. చేరినప్పుడు అతడి విశ్వవిద్యాలయానికి ఒక పేరు. చదువు మధ్యలో మరొక పేరు. చివరికి వచ్చేసరికి మళ్లీ మొదటి పేరు. రేపు అతడు ఏ పరదేశంలోనో ఉద్యోగానికి వెళితే, కాగితాల మీద ఉన్న ఈ రెండు పేర్లూ ఒకే సంస్థవని నిరూపించుకోవలసిన పని అతడి నెత్తిన పడుతుంది. పేరు మార్చిన చేతులకు ఆ బరువు లేదు.

పేరు కంటే లోతైన విషయం డబ్బు. 2021 చివరలో ఆ విశ్వవిద్యాలయం డిపాజిట్లలోంచి సుమారు 400 కోట్ల రూపాయలను రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సేవల కార్పొరేషన్‌కు తరలించాలన్న నిర్ణయం మీద అక్కడి ఉద్యోగులు ఆందోళనకు దిగారు. ఆ కార్పొరేషన్ బ్యాంకుల కంటే మంచి వడ్డీ ఇస్తుందన్నది ప్రభుత్వ పక్షం వాదన. ఏళ్ల తరబడి విద్యార్థుల ఫీజులతో కూడిన సొమ్ము విశ్వవిద్యాలయం అవసరాలకే ఉండాలన్నది ఉద్యోగుల వాదన. వడ్డీ లెక్కలు తెలిసినవారు ఎవరి మాట నిజమో తేల్చగలరు. మా ప్రశ్న వేరు. ఆ సొమ్ముకు కాపలాగా ఉండవలసిన పాలకమండలిలో, ఇది వద్దు అని ప్రభుత్వ ముఖం మీద చెప్పగల సభ్యులు ఎంతమంది ఉండగలరు? అధికారి అయితే బదిలీ భయం. నామినేట్ అయినవారికి మళ్లీ నామినేట్ కాకపోతామన్న భయం. అమానత్‌కు కాపలాదారుగా పెట్టిన మనిషి భయంతో ఉంటే ఆ అమానత్ ఎవరిదవుతుంది?

కుర్చీలు ఖాళీ అయిన ఎనిమిది నెలలు

2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కొద్ది వారాల్లోనే రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉపకులపతుల్లో అనేకులు ఒకరి వెంట ఒకరు రాజీనామా చేశారు. 17 మంది చేత బలవంతంగా రాజీనామా చేయించారని 2025 ఫిబ్రవరిలో శాసనమండలిలో ప్రతిపక్షం ఆరోపించింది. ఒత్తిడి చేశారనటానికి ఆధారాలు చూపండి అని విద్యాశాఖ మంత్రి జవాబిచ్చారు. అంతకుముందు ఆ కుర్చీలలో పార్టీ విధేయులను నింపారని అధికార పక్షం అంటూ వచ్చింది.

ఎవరి మాట ఎంత నిజమో తేల్చే పని మాది కాదు. రెండు పక్షాల మాటలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఉపకులపతి కుర్చీ ప్రభుత్వంతోపాటు మారుతుందన్నది ఎవరికీ ఆశ్చర్యం కలిగించటం లేదు. పేషీ చెదిరినట్లే విశ్వవిద్యాలయమూ చెదురుతున్నది. ఈ స్థితి ఒక్క పార్టీ తెచ్చింది కాదు.

2025 ఫిబ్రవరిలో గవర్నరు తొమ్మిది విశ్వవిద్యాలయాలకు ఉపకులపతులను నియమించారు. మన మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం అందులో ఒకటి. కొందరు రాష్ట్రం వెలుపలి పేరున్న సంస్థల నుంచి వచ్చినవారు కావటం సంతోషించవలసిన విషయం. కాని మధ్యలో పోయిన ఆ ఎనిమిది నెలల మాట ఏమిటి? ఇన్‌చార్జి అంటే రోజువారీ కాగితాల మీద సంతకం చేసే మనిషి. కొత్త కోర్సు పెట్టాలన్నా, ఖాళీ పోస్టులు నింపాలన్నా, పెద్ద నిర్ణయం ఏది తీసుకోవాలన్నా అసలు ఉపకులపతి రానివ్వండి అంటారు. విద్యార్థికి డిగ్రీ మూడేళ్లు. అందులో ఎనిమిది నెలలు ఎంత భాగమో లెక్క వేసుకోండి.

కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు మన జిల్లా కళాశాలలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 1976 సెప్టెంబరులో ఆనాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దాన్ని ప్రారంభించారు. అంతకుముందు పట్టా కోసం వాల్తేరు వైపు చూడవలసి వచ్చేది. విశ్వవిద్యాలయం ఇంటి దగ్గరికి వచ్చింది. ఆడపిల్లలను దూరం పంపటానికి జంకే కుటుంబాలకు ఇది ఎంత మేలో మేము మా శిష్యుల ఇళ్లలో చూస్తున్నాము. దగ్గరికి వచ్చిన తరువాత అది కుంటుపడితే మొదట నష్టపోయేది ఆ ఆడపిల్లలే. డబ్బున్నవారి పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా పోతారు. గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు కళాశాలల్లో మిగిలేది పేదవారి పిల్లలు.

సంతకం ఒకరిది, నిర్ణయం ఒకరిది

కేరళలో ఇటీవల ఒక తీర్పు వచ్చింది. కన్నూరు విశ్వవిద్యాలయం ఉపకులపతిని రెండోసారి నియమిస్తూ గవర్నరే సంతకం చేశారు. అంతకుముందు ఆ రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి ఆయన పేరు సూచిస్తూ గవర్నరుకు లేఖ రాశారు. 2023 నవంబరు 30న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని రద్దు చేసింది. చట్టం ప్రకారం నిర్ణయించవలసింది కులపతి అని, రాష్ట్ర ప్రభుత్వం అనవసరంగా జోక్యం చేసుకున్నందువల్ల నియామకం చెల్లదని తీర్పు చెప్పింది. అంటే సంతకం సరైన చోట ఉంటే చాలదు, నిర్ణయం కూడా సరైన చోటే పుట్టాలి. మన రాష్ట్రానికీ ఈ తీర్పు పాఠమే.

అలాగని గవర్నరు చేతిలో మొత్తం పెడితే సరిపోతుందా? 2025 జనవరిలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. ఎంపిక కమిటీ వేసే అధికారాన్ని కులపతికి, అంటే చాలాచోట్ల గవర్నరుకు, అప్పగించాలని అందులో ఉన్నది. పలు రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. గవర్నరును నియమించేది కేంద్రం గనుక వారి భయానికి ఆధారం లేకపోలేదు. అమరావతి పేషీకి బదులు ఢిల్లీ పేషీ వస్తే శివారు రైతుకు లాభమేమిటి?

మన చరిత్ర చెప్పే మాట

విద్యకూ అధికారానికీ మధ్య ఈ పెనుగులాట కొత్తది కాదు. ఇస్లామీ చరిత్రలో ఇది ఆరంభం నుంచీ ఉన్నది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి)కి ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇవ్వజూపితే ఆయన నిరాకరించి, అందుకు చెరసాల అనుభవించారని చరిత్రకారులు చెబుతారు. ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ హారూన్ రషీద్ కాలంలో ఖాజీల పెద్దగా పదవి స్వీకరించారు. ఆ పదవిలో ఉంటూనే, పన్నులు న్యాయంగా వసూలు చేయాలని ఖలీఫాకు హితవు చెప్పే గ్రంథం రాశారు. గురువు పదవి వద్దన్నారు, శిష్యుడు పుచ్చుకున్నారు. ఇద్దరినీ మన ఉలమాలు గౌరవిస్తారు. పదవి పుచ్చుకోవటం తప్పు కాదు, పుచ్చుకున్నాక నాలుక తాకట్టు పెట్టటం తప్పు.

బాగ్దాదులో 1067లో తెరిచిన నిజామియా మదరసాలో ఆచార్యులను నియమించే అధికారం వజీరు నిజాముల్‌ముల్క్ చేతిలో ఉండేది. ఆయన 1091లో ఇమామ్ గజాలీని అక్కడ నియమించారు. వజీరు విద్వత్తు ఎరిగినవాడు గనుక అంతటి గురువు వచ్చారు. అయితే మంచి వజీరు ఉన్నంత కాలమే ఆ పద్ధతి మంచిది. గజాలీ నాలుగేళ్లకే, 1095లో, ఆ గొప్ప కొలువు వదిలి వెళ్లిపోయారు. పాలకుల గుమ్మాల చుట్టూ తిరిగే పండితులను తన గ్రంథాలలో గట్టిగా హెచ్చరించారు.

ఈజిప్టులో అల్ అజ్‌హర్ సంగతి అందరికీ తెలిసిందే. 1961లో నాసర్ ప్రభుత్వం చట్టం చేసి దాన్ని ప్రభుత్వ అజమాయిషీ కిందికి తెచ్చింది. అందులో వైద్యం, ఇంజనీరింగు శాఖలు వచ్చాయి. ఇది మేలు. షేఖ్ నియామకం దేశాధ్యక్షుడి చేతిలో ఉండిపోయింది. ఇది నష్టం. 2012లో చట్టం సవరించి, షేఖ్‌ను పెద్ద ఉలమాల మండలి ఎన్నుకునే పద్ధతి తెచ్చారు. అరవై ఏళ్ల నాటి మన ఉస్మానియా వివాదంలో ఉన్న ప్రశ్నే అక్కడా ఉన్నది.

1866లో దేవబంద్‌లో దారుల్ ఉలూమ్ పెట్టినవారు ప్రభుత్వ సాయమే వద్దనుకున్నారు. ప్రజల చందాలతో నడుపుకున్నారు. ఈనాటి విశ్వవిద్యాలయాలకు అది సాధ్యం కాదు. జీతాలు, ప్రయోగశాలలు, హాస్టళ్లు ప్రభుత్వ నిధులు లేకుండా నడవవు. ప్రజల పన్నులతో నడిచేదాన్ని ప్రజాప్రభుత్వం అసలు పట్టించుకోకూడదనటమూ సరికాదు. విశ్వవిద్యాలయం లోపల కూడా ముఠాలు ఉంటాయి, బంధుప్రీతి ఉంటుంది, కులపిచ్చి ఉంటుంది. వాటిని అడిగేవారు ఉండాలి. లెక్కలు తనిఖీ చేసేవారు ఉండాలి. లెక్క అడగటం వేరు, కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టటం వేరు. ప్రభుత్వానికి మొదటిది హక్కు. రెండోది కాదు.

చేయవలసిన పనులు

మా దృష్టిలో నాలుగు పనులు జరగాలి. ఉపకులపతి పదవీకాలం ముగియటానికి కనీసం ఆరు నెలల ముందే ఎంపిక మొదలు కావాలి, ఇన్‌చార్జి పాలనకు తావుండకూడదు. కమిటీ సూచించిన మూడు పేర్లు, వారి అర్హతలు ప్రజల ముందుంచాలి. పాలకమండలిలో కొంతమందినైనా ఆచార్యులు, పట్టభద్రులు తామే ఎన్నుకోవాలి. ఎన్నికలో ముఠాలు ఉంటాయని ఎన్నికనే ఎత్తివేయటం, కాలువలో గుర్రపుడెక్క పెరిగిందని కాలువ పూడ్చటం వంటిది. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. నియమించినవారిని పదవీకాలం మధ్యలో పంపాలంటే బహిరంగ విచారణ ద్వారానే పంపాలి. ప్రభుత్వం మారినా అంతే.

ఇవి ప్రభుత్వం చేయవలసిన పనులు. మన వంతు కూడా ఒకటి ఉన్నది.

మా దగ్గర చదువుకున్న పిల్లల తల్లిదండ్రులు అప్పుడప్పుడు వస్తారు. అబ్బాయికి సీటు కోసమో, అమ్మాయికి కళాశాలలో గెస్టు అధ్యాపకురాలి ఉద్యోగం కోసమో, ఫలానా నాయకుడి మనిషి మీకు తెలుసట కదా మౌల్వీ సాబ్, ఒక్క మాట చెప్పండి అంటారు. వారిని నిందించటానికి మాకు నోరు రాదు. వరుసలో నిలబడి నిలబడి విసిగిపోయినవారు. సిఫార్సు లేనిదే పని జరగదని వారికి లోకం నేర్పింది. అయినా వారికి మేము చెప్పే మాట ఇదే. మీ అబ్బాయి కోసం ఈరోజు ఒకరు ఫోను చేస్తే, రేపు అంతకంటే పెద్దవారు మరొకరి అబ్బాయి కోసం ఫోను చేస్తారు. ఆ పందెంలో పేదవాడు ఎన్నడూ గెలవడు. మన సముదాయానికి పేషీలలో మనుషులు తక్కువ. మనకు మార్కుల జాబితా, రోస్టరు, నోటీసు బోర్డు, గడువు తేదీ ఇవే దిక్కు. నియమం గట్టిగా ఉన్న చోటే మన పిల్లవాడికి న్యాయం దొరుకుతుంది. సిఫార్సు గుమ్మం ఎక్కిన ప్రతిసారీ మనకు రక్షణగా ఉన్న ఆ నియమాన్ని మన చేతులతోనే బలహీనం చేస్తున్నాము.

అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉన్నది. పాలకమండలిలో ఎవరున్నారు, ఏ అర్హతతో ఉన్నారు, సమావేశాలు ఎప్పుడు జరిగాయి, విద్యార్థుల సొమ్ము ఏ ఖాతాలో ఉన్నది అని అడగండి. పట్టభద్రులైన యువకులు జుమా తరువాత కూడినప్పుడు పది నిమిషాలు ఈ విషయం మాట్లాడుకోండి. ఎన్నికల్లో ఓటు అడగటానికి వచ్చిన అభ్యర్థిని, ఏ పార్టీవారైనా సరే, మా విశ్వవిద్యాలయానికి మీ మనిషిని పంపుతారా, తగిన మనిషిని పంపుతారా అని సూటిగా ప్రశ్నించండి.

పదవి అమానత్ అని మన ధర్మం నేర్పింది. అమానత్ తగినవారికే అప్పగించాలి. ఈ బాధ్యత పుచ్చుకున్నవారి మీదే కాదు, అప్పగించినవారి మీద కూడా ఉన్నది. ఓటు వేసి అప్పగించిన మన మీద సైతం ఉన్నది. మన బిడ్డలు విద్య నేర్చే చోట తగినవారు కూర్చునేలా, కూర్చున్నవారు నిర్భయంగా సత్యం పలికేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.